చలికాలపు కత్తెర

తిప్పాయిగూడ కురుమ మల్లప్ప నేసిన గొంగడి తనంతట తాను నిలబడుతుందని షాద్‌నగర్ చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. ఇది మాటవరసకు అన్నది కాదు. నేసేటప్పుడు దారానికి చింతగింజల గంజి అంత చిక్కగా పట్టించేవాడు. కొత్త గొంగడిని తలమీద కప్పుకునే తీరుగా మడిచి వాకిట్లో పెడితే ఎవరో ముసలాయన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టే ఉండేది. నిజాం కాలంలో శిస్తు లెక్కలకు వచ్చిన గిర్దావర్ ఒకడు మసక వెలుతురులో ఆ గొంగడిని చూసి పేరు అడిగాడట. జవాబు రాలేదు. సర్కారు మనిషి అడిగితే లేచి నిలబడవా అని చేతికర్రతో ఒక్కటి వేశాడట. కర్ర విరిగింది. మల్లప్ప ఈ కథ మొదట్లో ఇక్కడికే ఆపేవాడు. తర్వాత్తర్వాత గిర్దావర్ మణికట్టు విరిగింది, ఆ పైన మోచేయి విరిగింది. కథ చెప్పిన ప్రతిసారీ పాపం ఆ గిర్దావర్‌కు ఒక ఎముక ఎక్కువ విరిగేది.

మల్లప్పకు అరవై గొర్లు ఉండేవి. తాత చేతి మంద అది. ఏ గొర్రె దేనికి పుట్టిందో, దాని తల్లి ఏ వాగులో కొట్టుకుపోయిందో అడిగితే పొద్దు గుంకేదాకా చెప్పగలడు. ఇద్దరు బిడ్డలు అత్తగారిండ్లకు పోయాక ఇంట్లో మిగిలింది తానూ, భార్య నర్సింగమ్మా, ఆ మందా. మందకు ముందు నడిచేది నల్లటి పొట్టేలు, మెడలో కంచు గంట. దాని పేరు దొర. ఎవరి చేనులో పడితే వాళ్ల చేనులో అడగకుండా మేస్తుందని మల్లప్పే ఆ పేరు పెట్టాడు. ఊరి పటేలు ఒకసారి పిలిపించి, దొర అని పొట్టేలుకు పేరు పెట్టడమేమిటని గద్దించాడు. మా దొర మంచోడు పటేలా, కొమ్ములు అందరికి కనవడేటట్టే పెట్టుకున్నడు అని మల్లప్ప వినయంగా చెప్పి వచ్చాడు.

మల్లప్ప కుల పెద్ద కూడా. కురుమల్లో కుల పెద్ద అంటే పంచాయతీలు చెప్పడం ఒక్కటే కాదు. గొర్లకు ఏడాదిలో రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు, మృగశిర కార్తెకు ముందొకసారి, శివరాత్రి దాటి చలి పోయాక ఇంకొకసారి. ఆ రోజు గొర్లను వాగులో కడిగి, కులదేవుడు బీరప్పకు కొబ్బరికాయ కొట్టి, మొదటి కత్తెర పెద్ద మందలో పెట్టాలి. అక్కడ కత్తెర చప్పుడు వినపడితేనే మిగతా వాళ్లు తమ గొర్లను పట్టుకుంటారు. మల్లప్ప కత్తెర పడకుండా తిప్పాయిగూడలో ఒక్క గొర్రె బొచ్చు కింద రాలదు. అందువల్ల ఆయనకు ఎంత గౌరవమో, అది ఎంత బరువో కూడా తర్వాత తెలిసింది.

చైనా యుద్ధం వచ్చిన ఏడాది ఎండాకాలంలో షాద్‌నగర్ నుంచి గుర్వయ్య అనే బేరగాడు బండి నిండా ఉప్పు వేసుకుని వచ్చాడు. చింతగింజలు పోస్తే అంతకంత ఉప్పు కొలుస్తానన్నాడు. ఊరు నవ్వింది. చింతపండు కొట్టగా మిగిలే గింజలు ప్రతి ఇంటి మూలనా కుప్పలుగా పడి ఉంటాయి. ఆడపిల్లలు వామనగుంటలు ఆడుకుంటారు, గొంగడి నేసేవాళ్లు గంజికి వాడతారు, మిగిలినవి చీపురు కిందికి పోతాయి. వాటికి ఉప్పు ఇచ్చేవాడికి మతి ఉందా అని అందరూ గుర్వయ్యను జాలిగా చూశారు. మల్లప్ప అయితే అటక మీద ఏడాది నేతకు దాచుకున్న రెండు సంచులూ దింపి కుమ్మరించాడు. ఒక కుండెడు మాత్రం మిగుల్చుకున్నాడు. మళ్లీ కావలిస్తే ఎవరింట్లో లేవు అనుకున్నాడు. వాడలో ఇంకో మగ్గం నేసే పోచయ్య కూడా అదే అనుకున్నాడు. ఏడు మగ్గాల వాళ్లూ అదే అనుకున్నారు. అందరూ పక్కింటి అటకను నమ్ముకున్నారు. ఆ వారమంతా మల్లప్ప రచ్చ దగ్గర కూర్చుని, షాద్‌నగర్ బేరగానికి రాళ్లు పోసి ఉప్పు కొలుచుకున్న సంగతి చెప్పుకున్నాడు.

దీపావళికి వారం ముందు యుద్ధం మొదలైందన్నారు. నెల తిరిగేసరికి ఆగిందన్నారు. తుపాకులు ఆగినా సిపాయిలు మాత్రం మంచులోనే ఉన్నారని, కప్పుకోను సరైన బట్ట లేదని పేపర్లో వచ్చిందట. మార్గశిరం మొదట్లో అమరేందర్ అనే పడుచువాడు సైకిల్ మీద తిప్పాయిగూడకు వచ్చాడు. పట్నంలో మిలటరీకి సరుకు పంపే ఒక కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. మిల్లు దుప్పట్లు చాలడం లేదని, ఊళ్ల మీద పడి గొంగళ్లు నేయిస్తున్నామని చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడు, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

మంచు అంటే ఏమిటని మల్లప్ప అడిగాడు. అమరేందర్ కూడా చూసి ఎరగడు. ఆకాశం నుంచి పిండి రాలినట్టు రాలుతుందని, మనిషి మోకాళ్ల దాకా కూరుకుపోతాడని, చేతి వేళ్లు నల్లబడి ఊడిపోతాయని పేపర్లో చదివింది చెప్పాడు. వేళ్లు ఊడిపోవడం అనేసరికి అక్కడున్న వాళ్లంతా తమ చేతులు చూసుకున్నారు. అందరూ వేళ్లతో బతికేవాళ్లే.

"నేతకు మీకు ఏమేం కావాలె? చెప్పుండ్రి, రాసుకుంట," అన్నాడు అమరేందర్.

"ఏం గావాలె సారూ. బొచ్చు, మగ్గం, రెండు చేతులు," అన్నాడు మల్లప్ప.

అమరేందర్ ఆ మూడూ రాసుకున్నాడు. గంజి మాట ఎవరూ ఎత్తలేదు. దాచిపెట్టి కాదు. వంటకు ఏం కావాలని అడిగితే నీళ్లు కావాలని ఎవరు చెబుతారు?

ఎన్ని గొంగళ్లు నేయగలరని అడిగితే ఊరంతా మల్లప్ప ముఖం చూసింది. అన్నాళ్లూ గిర్దావర్ ఎముకలు విరిచిన నోరు కదా, తక్కువ చెప్పడం దానికి చేతకాలేదు. వంద అన్నాడు. వెనక తలుపు దగ్గర నర్సింగమ్మ దగ్గింది. సరే ఎనభై, పూసమాసం వెళ్లేలోపు, అని దిగాడు. అమరేందర్ లేచి నిలబడి రెండు చేతులతో దండం పెట్టాడు. పంట్లాం తొడిగిన మనిషి మల్లప్పకు దండం పెట్టడం అదే మొదలు. ఆ దండం ఆయనకు సారాయి కంటే ఎక్కువ ఎక్కింది.

తీరా ఇళ్లలో ఉన్న బొచ్చంతా పోగేసి చూస్తే ముప్పై గొంగళ్లకు సరిపోతుంది. ఒక్క గొంగడికి ఎనిమిది గొర్ల బొచ్చు పడుతుంది. మిగిలిన యాభైకి కావలసిన బొచ్చు ఊళ్లోనే ఉంది, కాకపోతే గొర్ల ఒంటి మీద ఉంది. కత్తెరకు ఇంకా మూడు నెలలు.

కుల పెద్ద కత్తెర నూరుకుంటుంటే నర్సింగమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యో, ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా?"

"చలి ముంగట ఉన్నది. గొర్రె ఒంటి మీద బొచ్చు దానికి చలైతదనే దేవుడు వెట్టిండు, మనం గొంగడి నేసుకోవాలెనని గాదు."

"మనుషుల వేళ్లు ఊడుతున్నయంటే గొర్ల ముచ్చట జెప్తవా?"

"ముప్పై ఉన్నయి గద, ముప్పై ఇయ్యి. తక్కినయి శివరాత్రి దాటినంక ఇస్తమను. నీ ఎనభై మాట గా సిపాయిలకు ఎన్నడు గప్పుతదో గని, గీ ముప్పై గొంగళ్లయితే ఇయ్యాల గప్పుతయి."

ఇంత తేటగా చెప్పింది. మల్లప్పకు అర్థం కాక కాదు. ఆ గుమాస్తా పెట్టిన దండం చేతుల్లో వేడిగా ఉంది, దాన్ని ముప్పైకి తగ్గించి వెనక్కు ఇవ్వడం ఎట్లాగో తెలియలేదు. తెల్లవారి వాగు దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. మొదట దొరనే పట్టుకున్నాడు. ఆ పొట్టేలు ఎప్పుడూ కత్తెరకు మెడ వంచి నిలబడేది, ఆ రోజు మాత్రం కొమ్ములు విసిరి మల్లప్ప మోకాలి మీద పొడిచింది. దొరకు కూడా కార్తెలు తెలుసు అని పక్కవాళ్లు నవ్వారు. కత్తెర చప్పుడు వినపడింది. సాయంత్రానికి తిప్పాయిగూడ గొర్లన్నీ, పోచయ్యవి కూడా, తోలు కనపడేటట్టు అయ్యాయి. పోచయ్య మల్లప్పకు అల్లుని వరస, నలభై లోపు మనిషి. కత్తెర పట్టుకుని చాలాసేపు ఆగి ఆగి, పెద్ద మంద మీద పడ్డాక తప్పదు కదా అని తనూ పెట్టాడు.

ఆడవాళ్లు రాట్నాల ముందు కూర్చున్నారు. ఏడు మగ్గాలు పగలంతా చప్పుడు చేశాయి. ముప్పై గొంగళ్లు దిగాయి. ముప్పై ఒకటో దానికి పడుగు దారాలు వాడలో బారుగా సాగదీసి, గంజి తెమ్మని మల్లప్ప కుంచె పట్టుకుని నిలబడ్డాడు. నర్సింగమ్మ గింజల కుండలో చెయ్యి పెట్టింది. ఏడు గింజలు తగిలాయి.

పోచయ్య ఇంటికి పోతే పోచయ్య అదే పని మీద మల్లప్ప ఇంటికి బయలుదేరి ఉన్నాడు. ఇద్దరూ వాడ మధ్యలో ఎదురుపడ్డారు, చెరొక ఖాళీ గంపతో. ఏడిండ్ల అటకలూ వెతికారు. ఆడపిల్లల వామనగుంటల గింజలు గుంజుకుంటే పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వాడ చివర ఉప్పలమ్మ అని పళ్లు లేని ముసలామె కొంగు ముడి విప్పి లెక్కపెట్టి మరీ నలభై గింజలు పోచయ్య దోసిట్లో పోసింది. నా ఆట గింజలు బిడ్డా, నున్నగ అరిగినయి, జాగర్తగ వాడుమను, మీ సిపాయిలకు పని ఎల్లంగనే నాకు మల్ల ఇయ్యిమను అంది. అన్నీ కలిపి రుబ్బితే అరచేతంత గంజి కాలేదు.

మల్లప్ప షాద్‌నగర్ నడిచిపోయాడు. గుర్వయ్య కొట్టు ముందు ఉప్పు సంచులున్నాయి, చింతగింజ ఒక్కటి లేదు. ఎండాకాలం కొన్నవన్నీ ఎప్పుడో మిల్లుకు పంపానన్నాడు. కొత్త చింతపండు దిగేదాకా, అంటే ఎండాకాలం దాకా, ఎక్కడా దొరకవన్నాడు. మల్లప్ప కంట్రాక్టరు మనిషిని వెతుక్కుంటూ పోయి స్టేషన్ దగ్గర అమరేందర్‌ను పట్టుకున్నాడు. అమరేందర్ పుస్తకం తిప్పి చూసి, చింతగింజలు మీరు చెప్పలేదే అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి ముఖం అదోలా పెట్టాడు.

"మిల్లుల గింజలతోటి ఏం జేస్తరు సారూ?" అని మల్లప్ప అడిగాడు.

"బట్టకు గంజి పెడ్తరు."

"ఏం బట్టకు?"

అమరేందర్ పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, "మిలటరీ బట్టకే," అన్నాడు.

సిపాయి అంగీకి పెట్టిన గంజి సిపాయి గొంగడి దగ్గర లేకుండా పోయిందన్నమాట. పంపింది ఎవరు? ఉప్పు కొలిపించుకుని, ఊరంతా చెప్పుకుని మురిసింది ఎవరు? మల్లప్ప దారి పొడుగునా ఎవరితోనూ మాట్లాడకుండా ఇల్లు చేరాడు. అంత దూరం ఆయన కథ చెప్పకుండా నడవడం అదే మొదటిసారని చూసినవాళ్లు అన్నారు.

గంజి లేకుండా మగ్గం మీద ఉన్ని దారం నిలవదు, పుటుక్కున తెగిపోతుంది. జొన్నపిండి కాచి పట్టించారు. దారం నిలిచింది. గొంగళ్లు కూడా నిలబడ్డాయి, వాసన మాత్రం పొయ్యి మీద ఉడికే జొన్న గట్క లాగా వచ్చింది. ఆకలైతే సిపాయి నాకనైనా నాకొచ్చు మామా అని పోచయ్య అన్నాడు. మల్లప్ప నవ్వలేదు. చింతగింజ గంజిని ఎలుక ముట్టదని, అందుకే తాత ముత్తాతలు అది తప్ప ఇంకోటి వాడలేదని ఆయనకు తెలుసు. ఈ జొన్న వాసన ఎన్ని కోసుల దూరం పోతుందో అని మనసులో పీకుతూనే ఉంది. అయినా మాట ఇచ్చాడు కదా. పూసమాసం సగంలో ఎనభై గొంగళ్లు పూర్తయ్యాయి. మోపులు కట్టి, ఎవరివి వాళ్ల ఇంట్లో పెట్టుకున్నారు. అమరేందర్ బండి తీసుకుని రేపో మాపో వస్తాడు.

బండి కంటే ముందు ముసురు వచ్చింది. పూసమాసంలో వాన కురవడం ఊళ్లో ముసలివాళ్లకే సరిగా గుర్తు లేదు. సన్నటి వాన, దానితో పాటు గాలి. గొర్ల ఒంటి మీద బొచ్చు వేలి గోరంత కూడా పెరగలేదు. మొదటి రోజు గొర్లన్నీ దొడ్లో ఒకదాని కడుపులో ఒకటి తల పెట్టి ముద్దగా నిలబడ్డాయి. గోడ పక్కన మంట వేస్తే పొగ తప్ప వేడి రాలేదు. పట్టినన్నిటిని ఇంట్లోకి తోలారు, పదిహేను పట్టాయి. రెండో రోజు పొద్దున తొమ్మిది గొర్లు లేవలేదు.

నర్సింగమ్మ మోపుల దగ్గరికి పోయి ముడి విప్పబోయింది. మల్లప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువు," అంది. "పన్నెండు గొంగళ్లు ఉన్నయి గీడ. ఒక్కదాని కింద నాలుగు గొర్లు వడ్తయి. వాన ఎలిసినంక ఆరవెట్టి మల్ల మోపు గడ్త."

"అవి మనయి గావు."

"ఎవలియి? బొచ్చు మన గొర్లది. వడికింది నేను. నేసింది నువ్వు."

"మిలటరీయి. సిపాయికి కప్పెటిది గొర్రెకు కప్పి, గొర్రె వాసనతోటి పంపుమంటవా? నా పేరు ఏం గావాలె?"

నర్సింగమ్మ చెయ్యి విడిపించుకుని ఆయనను ఒక్క చూపు చూసింది. ఇంకా ఏదైనా అంటే బాగుండునని ఆ తర్వాత మల్లప్ప ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆమె తన ఒంటి మీది పాత గొంగడి తీసి బయటికి పోయి, కనపడిన మొదటి గొర్రె మీద కప్పి, తడుస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం పోచయ్య తన మోపు విప్పాడని తెలిసింది. కొత్త మిలటరీ గొంగళ్లు పదీ గొర్ల మీద పరిచాడు. మల్లప్ప వానలో పోయి పోచయ్య వాకిట్లో నిలబడి, సిపాయిల నోటికాడి ముద్ద గుంజుకున్నవని, కులం పరువు తీసినవని, ఇంతకాలం ఆయన నోట ఎవరూ వినని మాటలన్నాడు. గొంగడి కప్పుకున్న గొర్లు వరసగా నిలబడి ఆయనను చూశాయి. పోచయ్య తల వంచుకుని విన్నాడు.

"నిజమే మామా. తప్పే," అన్నాడు. "సిపాయికి సర్కారు ఉన్నది. గీటికి నేను తప్ప ఎవలున్నరు?"

మూడో రోజు సాయంత్రం వాన వెలిసింది. మల్లప్ప మందలో పందొమ్మిది మిగిలాయి. దొర అన్నిటికంటే చివరగా పడింది. మోకాళ్ల మీద కూర్చుని, తల మాత్రం పైకి పెట్టుకుని, సరిగా కొత్త గొంగడి వాకిట్లో నిలబడ్డట్టే ఉండిపోయింది. పొద్దున మల్లప్ప దగ్గరికి పోయి చెయ్యి వేసేదాకా బతికే ఉందనుకున్నాడు. ఇంతటి నిజాన్ని ఆయన ఎన్నడూ కథగా చెప్పలేదు. మిగిలిన మందల్లో కూడా సగానికి సగం పోయాయి. పోచయ్యవి నాలుగు పోయాయి.

మరునాడు బండి వచ్చింది. అమరేందర్ ఒక్కొక్క మోపు విప్పించి, వాసన చూసి ఎక్కించుకున్నాడు. పోచయ్య గొంగళ్ల దగ్గర ముక్కు మూసుకుని, ఇవి పనికిరావని పక్కన పడేయించాడు. నేను చెప్పలేదా అన్నట్టు మల్లప్ప పోచయ్య వైపు చూశాడు. ఊరి బయట గుంతల్లో ఆ రోజు కూడా గొర్లను పూడుస్తూనే ఉన్నారు. అమరేందర్ అటు చూసి ఏమిటని అడిగాడు. ముసురుకు చచ్చినయని ఎవరో చెప్పారు. అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు. పుస్తకంలో రాసుకోవడానికి మాత్రం దానికి చోటు లేదు.

చైత్రంలో గుర్వయ్య మళ్లీ వచ్చాడు. బండి మీద ముందు ఉప్పు, వెనక మోపులు. ఎండ మాడ్చేస్తోంది. గొంగళ్లు పట్నంలో కంట్రాక్టరు కిరాయికి తీసుకున్న గోదాంలోనే నెలన్నర పడి ఉన్నాయట. రైలు డబ్బాలన్నీ అంతకంటే ముఖ్యమైన సరుకుకు పోతున్నాయన్నారట. జొన్న గంజి వాసనకు ఎలుకలు దిగాయి. తనిఖీకి వచ్చిన సారు పై మోపుల్లోవి ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, ఎలుక ముట్టని చింతగింజ గంజివి కూడా విడదీయకుండా, అన్నిటి మీదా ఎర్ర ముద్ర వేసి తిప్పి పంపాడు. ఎటూ వస్తున్నావు కదా, ఇవి వేసుకుపో అని గుర్వయ్యకు అప్పజెప్పారు. డబ్బు సంగతి ఆయనకు తెలియదు. ఊళ్లో కూడా ఎవరికీ ఎప్పటికీ తెలియలేదు.

మల్లప్ప మొదట ఆ గుండ్రటి ఎర్ర ముద్ర చూసి వేరేగా అనుకున్నాడు. సర్కారు మెచ్చి వేసిన గుర్తేమో, చలికాలం వెళ్లిందని దాచుకొమ్మని పంపారేమో. ఉప్పలమ్మ కూడా, మంచిగ బొట్టువెట్టి పంపిండ్రు అని వేలితో తడిమింది. పనికిరాదని రాసి ఉందని గుర్వయ్య చదివి చెప్పాడు. అప్పుడు మల్లప్ప ఒక గొంగడి విప్పి ఎండకు పట్టాడు. ఎలుక కొరికిన తూట్లలోంచి వాకిలంతా చుక్కలు చుక్కలుగా వెలుతురు పడింది.

"గింజలున్నయా?" అని గుర్వయ్య అడిగాడు. కొత్త చింతపండు కొట్టే రోజులు, ఏ ఇంటి ముందు చూసినా గింజలే. "అంతకంత ఉప్పు."

మల్లప్ప ఆ తూట్ల గొంగడి భుజాన వేసుకుని ఇంట్లోకి పోయాడు.

ఆ ఏడు నుంచి ఆయనకు చింతగింజల పిచ్చి పట్టిందని ఊరు అనుకుంది. ఇంటింటికీ తిరిగి ఏరుకొచ్చి, బూడిద కలిపి సంచుల్లో కట్టి అటక నింపాడు. అటక చాలక గొర్ల కొట్టంలో పేర్చాడు. కొట్టం ఎట్లాగూ ఖాళీ అవుతూ వచ్చింది. మిగిలిన పందొమ్మిదీ తేరుకోలేదు. కొన్ని దగ్గి దగ్గి పోయాయి, ఈనినవి బలం లేని పిల్లల్ని ఈనాయి. రెండేండ్లకు ఒక్కటి కూడా లేకుండా పోయింది. కుల పెద్ద ఇప్పుడు పొద్దున్నే లేచి పోచయ్య గొర్లను కూలికి మేపడానికి పోతాడు. కత్తెర ఆచారం ఎట్లా అంటే, పోచయ్య ఒక ఉపాయం చేశాడు. ఆ రోజు తన మందలోంచి ఒక గొర్రెను మల్లప్ప వాకిట్లో కట్టేస్తాడు. నర్సింగమ్మ దాని మెడలో దొర గంట వేస్తుంది. అది ఆ పూటకు మల్లప్ప మంద. దాని మీద కత్తెర పడ్డాక, పోచయ్య గంట విప్పి ఇచ్చి గొర్రెను తోలుకుపోతాడు.

మూడేండ్లు తిరిగి ఇంకో యుద్ధం వచ్చింది, ఈసారి పాకిస్తాన్‌తో. వానకాలం చివరలో అమరేందర్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. కొంచెం లావయ్యాడు. చిన్న పుస్తకం పోయి అచ్చు వేసిన కాగితాలు వచ్చాయి. కూర్చోవడానికి నర్సింగమ్మ ఒక గొంగడి పరిచింది. ఎర్ర ముద్ర పైకి ఉండేటట్టే పరిచింది. అమరేందర్ చూసి, ముద్ర పక్కకు జరిగి కూర్చున్నాడు. చలికాలం మీదికి వస్తోందని, జర జల్దీ కావాలని, ఈసారి పోయినసారి లాగా కాదని, అన్నీ ముందే ఆలోచించుకున్నామని చెప్పాడు. కాగితం తిప్పి చూపించాడు. మగ్గాలకు ఒక గడి, మనుషులకు ఒక గడి, బొచ్చుకు ఒక గడి.

"గిది సూడు మల్లప్పా. చింతగింజలకు సుత ఒక గడి పెట్టించిన. నేనే చెప్పిన పట్నంల, గింజలు లేక పోయినసారి పని కరాబైందని. ఉన్నయా గింజలు?"

"ఉన్నయి సారూ. రాసుకో. పదకొండు సంచులు."

అమరేందర్ ముఖం వెలిగింది. రాసుకున్నాడు. ఏ ఊళ్లోనూ ఇన్ని లేవన్నాడు. మల్లప్ప కూడా ఒక్క క్షణం మురిశాడు, చాలా రోజులకు ఎవరో తనను మెచ్చుకున్నందుకు. ఆ మురిపెం అట్లా ఉండగానే, పోయినసారి ఏది లేకుండె అని పట్నం వాళ్లు ఏం ఆలోచించారో తానూ సరిగ్గా అదే ఆలోచించి మూడేండ్లు మోసుకొచ్చానని తెలిసింది. గొర్లుండాల్సిన కొట్టం నిండా చింతగింజలు.

"గొర్ల గడి ఏది సారూ?" అన్నాడు.

అమరేందర్ కాగితం కింది నుంచి పైకి చూశాడు. లేదు. బొచ్చు గడి ఉంది కదా, అదే ఇదీ అన్నాడు. బొచ్చు ఎవరి దగ్గర ఉందని అడిగాడు. అందరూ పోచయ్యను చూపించారు. ఊళ్లో మంద అని చెప్పదగింది ఇప్పుడు అదొక్కటే. అమరేందర్ పోచయ్య వైపు తిరిగి, చలి ముదరకముందే కత్తిరిస్తే ఎన్ని గొంగళ్లకు వస్తుందని లెక్క అడిగాడు.

పోచయ్య చేతులు కట్టుకుని చాలా మర్యాదగా, తన చేతిలో ఏమీ లేదన్నాడు. కుల ఆచారం ఒకటుందన్నాడు. "మొదటి కత్తెర మల్లప్ప మామ మందల పడాలె సారూ. ఆడ పడితే మేము పెడ్తం. పడకపోతే మా చేతులు లేవయి."

ఒక గొర్రెను ఆ పూటకు అరువిస్తే సరిపోతుందని తెలియనివాడు ఆ వాకిట్లో అమరేందర్ ఒక్కడే. ఎవరూ నోరు విప్పలేదు. ఉప్పలమ్మ కూడా విప్పలేదు, ఆమె తన నలభై గింజల కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నా.

అమరేందర్ మల్లప్ప వైపు తిరిగాడు. కలం తెరిచే ఉంది.

"అయితే నీదే ఆలస్యం పెద్దాయనా. నీ మంద ఏది?"

మల్లప్ప లేచి ఇంట్లోకి పోయాడు. అటక కింద చిలక్కొయ్యకు వేలాడుతున్న కంచు గంట తీసుకువచ్చి, పదకొండు సంచులు రాసిన కాగితం మీద పెట్టాడు. కాగితం ఎగరకుండా ఆగింది.

"గిదే సారూ," అన్నాడు. "కత్తెర ఏడ వెట్టాల్నో చూపియ్యి."